నరసమ్మగారి కుర్చీలోంచి కనిపించిన పెళ్లి

పెళ్లి ఫోటోలు తీయడం నా వృత్తి. వేదిక మీద నిలబడి తీసినవి అమ్ముకుంటాను. కొన్నాళ్లుగా నాకోసం మరో రకం ఫోటోలు కూడా తీసుకుంటున్నాను. అతిథుల కుర్చీలో కూర్చుంటే పెళ్లి ఎంత కనిపిస్తుందో అంతే తీయడం, ఒక్క అడుగు ముందుకు జరక్కుండా. ఇది పనికొచ్చే ఆలోచనో, నలభై దాటాక పట్టుకున్న వెర్రో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. విశాఖలో నాతో డిగ్రీ చదివిన లలిత జంషెడ్‌పూర్ నుంచి ఫోన్ చేసి, కూతురు మౌనిక పెళ్లికి రమ్మంది. కెమెరా తెచ్చుకో గానీ పని చెయ్యకు, హాయిగా కుర్చీలో కూర్చో అంది. నాకు కావలసిందీ అదే. ఆ రోజే టికెట్ కొన్నాను. ఇంత కోపంతో తిరిగొస్తానని మాత్రం అనుకోలేదు.

విశాఖ నుంచి జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్‌కు ఒడిశా మీదుగా రాత్రంతా ప్రయాణం. థర్డ్ ఏసీ పన్నెండు వందల పైచిలుకు అయింది. స్లీపర్ అందులో సగం కూడా ఉండదు గానీ, లెన్సుల సంచి తలకింద పెట్టుకుని పడుకోవాలి, నిద్ర పట్టదు. పొద్దున్నే దిగాను. స్టేషన్ బయట ఆటో అతను లలిత ఉండే బాగ్‌బేరాకు నూట యాభై అడిగాడు. నేను లలితతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడడం విని, శ్రీకాకుళమా అన్నాడు. విజయనగరం అన్నాను. వెంటనే ఎనభైకి దిగాడు. నేను మొహమాటంగా థాంక్స్ చెప్పబోతే నవ్వాడు. "మనోళ్లని తగ్గించాననుకోకండి మేడం. ముందడిగిందే ఎక్కువ."

లలితవాళ్ల ఇల్లు రైల్వే క్వార్టర్లు దాటాక రెండో సందులో ఉంది. యార్డులో బండి కదిలినప్పుడల్లా గోడమీద క్యాలెండరు ఊగుతుంది, ఆ ఇంట్లో అది ఎవరికీ పట్టదు. లలిత తల్లి అప్పలనరసమ్మగారు గ్యాంగ్‌మన్ భార్యగా ఇక్కడికి వచ్చి, ఈ పట్టాల పక్కనే ముసలిదయిన మనిషి. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎదురుగా, దగ్గరగా ఉంటే ఆ కంటితో బాగానే చూస్తుంది. టీవీలాంటి వెలుగు పడితే మాత్రం అంతా నీళ్లలో ముగ్గులా అలుక్కుపోతుందట. ఈ పెళ్లిలో ఆవిడ కోరుకున్నది ఒకటే, మనవరాలి మెడలో తాళి పడడం కళ్లారా చూడాలి. లలిత పెళ్లిరోజు వంటమనిషి రాకపోతే ఆవిడే గాడిపొయ్యి దగ్గర నిలబడిందట.

"బాజాలినబడ్డాయి. ముళ్లు పడిపోతన్నాయనుకున్నాను. గరిటొదిలీసెల్తే పప్పు మాడిపోద్ది గదమ్మా" అంది. "ఈపాలి ఏటి మాడినా నాను కదల్ను. కుర్సీలో కూకుంటాను."

మౌనిక మెహందీ చేతులు ఆరబెట్టుకుంటూ, "స్క్రీన్ పే దిఖేగా, అమ్మమ్మా" అని హిందీలో సర్దిచెప్పింది. హాల్లో పెద్ద తెర పెడుతున్నారు, అందులో కనబడుతుందిలే అని. "తెరమీద సూడ్డానికి అది సినిమావేటే?" అంది ముసలావిడ.

ముహూర్తం మర్నాడు పొద్దున్న పది దాటాక. కల్యాణమండపం నది అవతల మాంగోలో, పెళ్లికొడుకు వాళ్లుండే వైపు. బాగ్‌బేరా నుంచి ఆటో మాట్లాడుకుంటే మూడు వందలు. దూరం పెద్దదేం కాదు గానీ, సువర్ణరేఖ వంతెన దగ్గర బండ్లు ఆగాయంటే ఆగినట్టే. మేం చాలా ముందే బయల్దేరాం కాబట్టి బతికిపోయాం. మీరు వెళ్లినా ఆ వంతెనకు విడిగా ఒక గంట కేటాయించుకోండి.

మగపెళ్లివారు సినిమా తరహా వీడియో తీసే బృందాన్ని పెట్టుకున్నారు. నల్ల టీషర్టుల్లో ఆరుగురు, కెమెరా కట్టిన ఒక క్రేను, ఒక పొగ యంత్రం. నేను నరసమ్మగారిని ముందువరసలో సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను. అక్కడినుంచి పీటలు చక్కగా కనిపిస్తున్నాయి. పెళ్లికూతురి బుగ్గచుక్క కూడా తెలుస్తోందని ఆవిడ మురిసిపోయింది. గుప్పెట్లో అక్షింతలు అప్పటికే చెమటకు తడిశాయి.

పంతులుగారు మంగళసూత్రం అందరిచేతా తాకించి తెచ్చారు. అంతే, ఆరుగురూ ఒక్కసారిగా వచ్చి పీటల ముందు వరుసగా నిలబడ్డారు. పెళ్లి మాయమైంది. మా ముందు ఆరు నల్లటి వీపులు మిగిలాయి. నేను లేచి వెళ్లి వాళ్ల పెద్దను హిందీలో బతిమాలాను. ఇద్దరు కూర్చోండి, ఒకరు పక్కకు జరగండి, పెద్దావిడ చూడాలి అని. అతను కెమెరా మీంచి కన్ను తీయకుండానే, "దీదీ, ఆప్ తో ఖుద్ ఫోటోగ్రాఫర్ హై" అన్నాడు. నువ్వూ ఈ పనిలోదానివే కదా, అర్థం చేసుకోవా అని. నా ఒళ్లు మండిపోయింది. అతను అబద్ధం చెప్పలేదు కాబట్టి ఇంకా మండింది. తిరిగొచ్చి ఆవిడ పక్కనే కూర్చున్నాను.

గట్టిమేళం అందుకుంది. నరసమ్మగారు కుడికి వంగింది, ఎడమకు వంగింది, లేవబోయి మోకాళ్లు సహకరించక కూర్చుండిపోయింది. చివరికి ఆ చప్పుడునే నమ్ముకుని చెయ్యెత్తి అక్షింతలు విసిరింది. నేను కూర్చున్నచోటి నుంచే ఆ క్షణాన్ని తీశాను.

అయిపోయిందనుకుంటే, "ఏక్ బార్ ఔర్, భైయా" అని అరిచాడు ఆ పెద్ద. మళ్లీ ఒకసారి కట్టమని, పెళ్లికొడుకుతో! క్రేను సమయానికి దిగలేదట. ముడి విప్పనక్కర్లేదు, కొసలు పట్టుకుని కడుతున్నట్టు ఉంటే చాలునట. పంతులుగారు మొహం తిప్పుకున్నారు. పెళ్లికొడుకు బుద్ధిమంతుడిలా వంగాడు. మూడొందల మంది నోరుమూసుకుని చూశారు. ఇది ఎవరి పెళ్లి? పెళ్లిని కెమెరా కోసం ఆపొచ్చు, మళ్లీ చేయించొచ్చు, కానీ ఒక ముసలావిడ కోసం ఒక్క మనిషి మోకాలు వంచడు. డబ్బిచ్చి మనమే ఈ గోడను కట్టించుకుంటున్నాం.

ఇంత కోపంలోనూ నాకు ఆశ పుట్టిన మాట నిజం. క్రేను కోసం ఈసారి అందరూ పక్కకు తప్పుకున్నారు, ముందంతా ఖాళీ. "ఇప్పుడు బాగా కనిపిస్తుంది, చూడండి" అన్నాను ఆవిడతో.

"ముడిప్పీసినారా?"

"లేదు. కడుతున్నట్టు పట్టుకుంటారంతే."

"కట్టీసినాక కట్టడవేటి? అది పెళ్లి కాదు, ఏసం. నాకొద్దు. నన్ను బోయనాల కాడికి తీస్కెల్లు."

అలవాటు కొద్దీ ఒక ఫోటో తీసి, ఆవిడ చెయ్యి పట్టుకుని భోజనాల గదికి నడిపించాను. విస్తరి ముందు కూర్చోబెట్టాను. పప్పు కలుపుతూ తనలో తను నవ్వుకుంది.

"నా అచ్చింతలన్నీ ఆ నల్లసొక్కావోడి ఈపు మీదే పడ్డాయి. ఆడికి పెళ్లయిందేటి?"

తెలీదన్నాను.

"కాకపోతే ఈ యేడు అయిపోద్ది. ఆడి పెళ్లికీ ఇలాగే ఎవుడో అడ్డం నిలబడాల."

మర్నాడు సాయంత్రం నా రైలు. పొద్దున్న షేర్ ఆటోలో సాక్చి బజారుకు వెళ్లి రెండు ఫోటోలు పెద్ద సైజులో ప్రింటు తీయించాను. రెండింటికీ కలిపి నూట ఇరవై అయింది. ఒకటి రెండోసారి తాళి కట్టినప్పటిది. ఏ అడ్డూ లేకుండా, పసుపుతాడు మెరుస్తూ, ఏ ఆల్బంలోనైనా మొదటి పేజీకి పనికొచ్చేది. రెండోది ఆవిడ కుర్చీ పక్కనుంచి తీసింది. ఆరు వీపులు, ఒక మూల ఆవిడ లేచిన చెయ్యి, నల్ల టీషర్టు మీద అంటుకున్న పసుపు బియ్యం. రెండు మోచేతుల మధ్య సన్నటి సందులో మౌనిక జడగంట.

నరసమ్మగారు రెండింటినీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, ఎడమకంటికి ఆనించినట్టు పెట్టుకుని చాలాసేపు చూసింది. మొదటిది లలితకు ఇచ్చేసింది. వీపులది ఉంచుకుంది. ఆ వీపులు గోడకు పెడితే చూసినవాళ్లు నవ్వుతారని లలిత గొణిగింది.

"అది నాను సూడనేదు. ఇది సూసినాను" అంది ఆవిడ. "సూసిందే గోడకెట్టు."

రైలు ఖరగ్‌పూర్ వైపు సాగుతుంటే ఆ మాటే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆవిడకు దక్కకుండా పోయిన క్షణం నాకొక మంచి ఫోటో అయింది. ఇది న్యాయమేనా? ఆ బృందం మీద నాకున్న కోపం ఇది రాస్తున్నప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. కానీ వచ్చేవారం నాకూ ఒక పెళ్లి పని ఉంది, నాకూ ఒక వీపుంది. తాళి కట్టే వేళకు నేల మీద కూర్చుని తీస్తానని ఆ ఇంటివాళ్లకు ముందే చెప్పాను. ఫోటోలు సరిగ్గా రావేమోనని వాళ్లు సందేహిస్తున్నారు. నాకూ సందేహమే. అయినా కూర్చునే తీస్తాను.

మీ ఇంట పెళ్లి ఉంటే ఒక్క సలహా. ఫోటోగ్రాఫరుకు బయానా ఇచ్చేముందు అతన్ని మండపానికి పిలిచి పీటల ముందు నిలబడమనండి. మీ ఇంట్లో అందరికన్నా పెద్దావిడ కూర్చోబోయే కుర్చీలో మీరు కూర్చోండి. అక్కడినుంచి మీకు ఏం కనిపిస్తుందో అతనికి చెప్పండి. మిగతా మాటలు ఆ తర్వాత.