నిలబెట్టిన గొడ్డలి

దయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక మీరూ నమ్మకూడదనే నా కోరిక. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల పల్లెల్లో బాణామతికి, చేతబడికి వ్యతిరేకంగా మాట్లాడుతున్నవాణ్ణి. కూడలిలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలు ఏరుకొచ్చి, అందరి ముందూ షర్బత్ చేసుకుని తాగాను. పూనకంతో ఊగుతున్న ఒక పెద్దమనిషిని నా జేబులో ఉన్న నోటు నంబరు చెప్పమంటే పూనకం టక్కున దిగిపోయింది. నైట్ బస్సులో తెల్లచీర, అద్దింట్లో గజ్జెల చప్పుడు అంటూ రాసేవాళ్ళున్నారు. చచ్చిన ఆడవాళ్ళకు తెలుపు తప్ప వేరే రంగు చీర ఎందుకు దొరకదో వాళ్ళనే అడగాలి.

అలాంటి నేను ఇది రాయవలసి రావడం నాకే రోతగా ఉంది. అయినా, చూసింది చూసినట్టు చెప్పమని ఇన్నాళ్ళూ ఎదుటివాళ్ళను నిలదీశాను గనుక రాస్తున్నాను.

హన్మకొండలో మా ఇంటి పెరట్లో ఒక నేరేడు చెట్టుంది. దాని పెద్ద కొమ్మ ప్రహరీ దాటి పక్కింటి రేకుల గది మీదికి వంగింది. పక్కిల్లు రాజమౌళిది. ఎనుమాముల మార్కెట్లో గుమాస్తా. ఆ రేకుల గదిలో అతని తల్లి పడుకుంటుంది, మంచం దిగలేని మనిషి. పోయిన మే నెలలో గాలివానకు చిన్న కొమ్మ విరిగిపడి రేకు చొట్టపోయింది. "సార్, పెద్దది పడ్డదంటే మా అవ్వ దక్కది" అన్నాడు రాజమౌళి.

మొదట మెషీన్ రంపం పట్టుకుని ఇద్దరు వచ్చారు. చెట్టును మొదలంటా కోసేస్తామన్నారు. ఒక్క కొమ్మ తీయడం వాళ్ళకు రాదట. వాళ్ళను పంపేసి, ములుగు వైపు పల్లె నుంచి సమ్మయ్యను పిలిపించాను. యాభై ఏళ్ళుంటాయి. తోటల్లో చెట్లెక్కి కొమ్మలు దించడమే అతని బతుకు.

మొదటిరోజు మధ్యాహ్నం గేటు పక్కనున్న గోరింట కంచెను తాడు పట్టి గీసినంత సమంగా కత్తిరించాడు. తర్వాత నేరేడు మొదట్లో నేలను చేత్తో సవరించి, గొడ్డలిని మానుకు ఆనించి నిలబెట్టాడు. ఇనుము నేలకు, కర్ర కామ పైకి. ఇక చాలన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

"ఏంది సమ్మయ్యా, పని?"

"రేపు సార్. ఇప్పుడు చెట్టును అడిగిన. తెల్లారేదాంక గొడ్డలి నిలవడితె ఒప్పుకున్నట్టు. పడితె వద్దన్నట్టు. అప్పుడు నేనెక్క."

"సంతకం గూడ పెడతదా చెట్టు?"

"కొమ్మ కొట్టనీకి మీరు ఆఫీసుల దరఖాస్తు పెట్టలేదా సార్? ఆడ ఎన్ని దినాలు తిప్పిన్రు? ఈడ ఒక్క రాత్రే."

జవాబు బాగుంది. బాగున్న జవాబులన్నీ నిజమైతే ఈ దేశంలో బాబాలందరూ శాస్త్రవేత్తలు కావాలి. "పిల్లి తగిలి పడిపోతే?" అన్నాను.

"పిల్లి గూడ ఊకెనే రాదు గద సార్" అని నవ్వి, హసన్‌పర్తిలో చుట్టాలింటికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఇంట్లో నేనొక్కణ్ణే. నా భార్య కరీంనగర్‌లో చెల్లెలింటికి వెళ్ళింది. కొమ్మ కొట్టే రెండు రోజుల కోసం రాజమౌళి తల్లిని అక్క ఇంటికి చేర్చి, తనూ అక్కడే ఉండిపోయాడు. పక్కింటికి తాళం. వెనక ఖాళీ ప్లాటు. ఈ వివరాలు దయచేసి గుర్తుంచుకోండి.

పొద్దున అయిదుంపావుకు పెరట్లోకి వెళ్తే గొడ్డలి పడి ఉంది. కామ ప్రహరీ వైపు, బురదలో. రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి, మట్టి మెత్తబడింది, జారింది. అయిదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమయ్యే సంగతి. కానీ సమ్మయ్య చూస్తే తాడు చుట్టుకుని బస్సెక్కుతాడు. రేపు రాజమౌళి తల్లి ఆ రేకుల గదికి తిరిగొస్తుంది, గాలివానలు ఇంకా ఆగలేదు. ఒక ముసలామె ప్రాణం, గొడ్డలి నిలిచిందా పడిందా అన్నదాని మీద ఆధారపడాలా?

అతనితో వాదించి ఉండవచ్చు. వాదన నాకు చేతనైన పని. ఇలాంటివాళ్ళతో వాదన దండగ అనుకున్నాను. గొడ్డలి లేపి నిలబెట్టాను. కామకు అంటిన బురదను నా భుజం మీది ఎర్ర తువాలుతో తుడిచాను. నేల మీద పడిన గుర్తును చెప్పుకాలితో చెరిపి, పైన ఆకులు చల్లాను. తువాలును బాత్రూంలో సబ్బునీళ్ళ బకెట్లో ముంచి తలుపు వేశాను.

ఏడు గంటలకు సమ్మయ్య వచ్చాడు. నిలబడి ఉన్న గొడ్డలిని చూసి ముఖం విప్పారింది. మానుకు దండం పెట్టి చకచకా ఎక్కాడు. నేను కింద కుర్చీ వేసుకుని, ఈ ఉదంతంతో రాయబోయే వ్యాసానికి మనసులోనే పేరు వెతుక్కుంటున్నాను.

పెద్ద కొమ్మకు పైన ఉన్న పంగలో కూర్చుని, నడుముకు కట్టుకున్న తాడును దానికి బిగించాడు. గొడ్డలి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగాడు. కాసేపు అటే చూశాడు. తర్వాత నడుము దగ్గర ముడి విప్పుకుని, తాడును పైనే వదిలేసి, జారుతూ దిగాడు. అరచేతులు చెక్కుకుపోయాయి.

"గొడ్డలి మీరు నిలవెట్టిన్రా సార్?"

"లేదు. ఎట్ల పెట్టినవో అట్లనే ఉన్నది."

"ప్రహరి దిక్కు కామ వెట్టి పడ్డదంట. ఎర్ర తువాలతోటి తుడిచిన్రంట."

"ఎవరు చెప్పిన్రు?"

"నా ఎనుకకెల్లి చెప్పిన్రు. తిరిగి చూత్తె ఎవ్వల్లేరు." చెక్కుకుపోయిన అరచేతులను లుంగీకి తుడుచుకున్నాడు. "మీరు నమ్మకున్రి సార్, నేనేమన్న అన్ననా? నా నమ్మకం మీద నేనెక్కుత. దాన్ని మీరెందుకు ముట్టిన్రు? పడి సత్తె నా పిల్లలను మీరు సాదుతరా?"

ఎన్నో సభల్లో ఎందరికో జవాబు చెప్పినవాణ్ణి. బాత్రూం తలుపు వేసే ఉందా అని అటు చూశాను.

అతను కాళ్ళు కడుక్కోవడానికి గేటు దగ్గరి నల్లా వైపు నడిచాడు. అప్పుడు ఆ పంగ చీలింది. గాలి లేదు. ఆకు కదల్లేదు. ఇద్దరు మనుషుల ఎత్తు నుంచి ఊడి మా పెరట్లో పడింది. సమ్మయ్య తాడు దానికి ఇంకా బిగించే ఉంది.

ఇక నా విచారణ. పంగ లోపల చెదలు తొలిచి గుల్ల చేశాయి, నేనే విరిచి చూశాను. నేరేడు కట్టె మామూలుగానే పెళుసు. అతని బరువుకు లోపల చిట్లిన చప్పుడు విని భయపడి ఉంటాడు. ఇంతవరకూ లెక్క తేలింది. ఇందులో దయ్యానికి ఉద్యోగం లేదు.

తువాలు సంగతే తేలలేదు. ఆ ఉదయం ఆరు దాకా సమ్మయ్య హసన్‌పర్తిలోనే చాయ్ తాగుతున్నాడని అతని చుట్టాలింటికి స్వయంగా వెళ్ళి కనుక్కున్నాను. పంగ ఉన్నంత ఎత్తుకు నిచ్చెన వేసుకుని ఎక్కి, అక్కడి నుంచి బకెట్ కనిపిస్తుందేమో చూశాను. ఆకులే కనిపించాయి. బాత్రూం కిటికీ పెరటి వైపు లేదు. పడిన గొడ్డలిని చూసింది నేనొక్కణ్ణే.

ఈ కథ విన్న రాజమౌళి మర్నాడే చెట్టుకు పసుపు కుంకుమలు పెట్టి, ఎర్రగుడ్డ చుట్టాడు. ఆ సాయంత్రమే బకెట్ నీళ్ళతో కడిగేశాను, గుడ్డ విప్పేశాను. నాకు జవాబు దొరకకపోతే దొరకలేదంటాను. దొరకని చోటల్లా కుంకుమ పూసేవాళ్ళంటే నాకు ఇప్పటికీ చులకనే. అయితే ఆ చులకనలో ఒక వాటా నాకూ వచ్చింది. రుజువు చూపండని ఊరూరా గొంతు చించుకున్నవాణ్ణి, దొంగ రుజువు తయారుచేసి ఒక మనిషిని చెట్టెక్కించాను.

వారం తర్వాత సమ్మయ్య పల్లెకు వెళ్ళి క్షమాపణ అడిగాను. అతను రానన్నాడు. ముసలామె ఇంకా కూతురింట్లోనే ఉందని చెప్పాక, వచ్చాడు. మళ్ళీ గొడ్డలి నిలబెట్టాడు. ఆ రాత్రి నేను పెరటి తలుపుకు లోపలి నుంచి తాళం వేసుకున్నాను. నన్ను నేను నమ్మలేక.

పొద్దున గొడ్డలి నిలబడే ఉంది. సమ్మయ్య దాన్ని చూడలేదు. నా ముఖమే చూశాడు.

"ఈసారి ముట్టలేదు గద సార్?"

"ముట్టలేదు సమ్మయ్యా."

అతను వెంటనే ఎక్కలేదు. మానుకు చెవి ఆనించి కాసేపు నిలబడ్డాడు. నా మాట నిజమో కాదో అడుగుతున్నాడని అర్థమైంది. కుర్చీ వేసుకోకుండా, అతను ఎక్కేదాకా, నేనూ నిలబడే ఉన్నాను.