మూలన మిగిలిన పిన్ను

మా మేనమామ రాజపాళయంలో నూలు మిల్లు ఫిట్టరు. ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని ఊళ్ళోని రెండు లేన్ల బౌలింగ్ హాలుకు, బరువైన బంతిని దొర్లించి లేన్ చివర నిలబెట్టిన పిన్నులను పడగొట్టే ఆటకు, వెళ్ళేవాడు. మొదటి బంతిని మెలితిప్పి వేసేవాడు. అది వంపు తిరిగి పిన్నుల నడుమకు దూరేది. మిగిలిన పిన్నుల కోసం వేసే రెండో బంతిని మాత్రం ఎప్పుడూ నేరుగానే వదిలేవాడు.

"తిప్పితే లేన్ మీద పూసిన నూనె ఎట్ల లాగుతాదో తెలీదు పాపా. నేరా పోయేదాన్ని నమ్మొచ్చు," అనేవాడు.

తరువాత ఆయన కుడిచేతికి వణుకు వచ్చింది. మదురైలో డాక్టరు అది తగ్గేది కాదన్నాడు. అయినా మామ జిల్లా పోటీకి వెళ్ళాడు. చివరి వంతులో కుడి మూలన ఒక్క పిన్ను మిగిలింది. బంతిని గుండెకు ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాడు. తిప్పి వేస్తే వణుకు అందులో కలిసిపోతుందని ఆశపడ్డాడేమో, మొదటిసారి రెండో బంతిని తిప్పాడు. అది పిన్నును చేరకముందే లేన్ పక్క కాలువలో పడింది.

"నా చేతినే నమ్మలేకపోయినాను పాపా," అన్నాడు, బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు విప్పలేక. నేనే విప్పాను. ఆ తరువాత ఆయన హాలుకు రాలేదు.

పోయిన నెల తన బంతిని ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. హాలుకు తీసుకెళ్ళాను. వేళ్ళు దూర్చి పట్టుకునే దాని రంధ్రాలు మామ వేళ్ళ కొలతకు తొలిపించినవి. ఆడేవాళ్ళు ఒక్కొక్కరే వేళ్ళు పెట్టి చూసి, మళ్ళీ నా చేతికే ఇచ్చారు.