కొండ మీద ఏదీ మిగలకూడదు

2007 డిసెంబరు. గుర్గావ్, ఫరీదాబాద్ మధ్య ఉన్న ఆరావళీ కొండల్లో ఆ ఏడాది మా పరుగు పందెం. నా పని ‘కోర్స్ మార్కింగ్’, అంటే రన్నర్లు దారి తప్పకుండా కొండంతా గుర్తులు కట్టడం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంట్ ఆంటీలు నవ్వేవారు. నవ్వుకోనీ, నాకేం!

మా పందేనికి రెండు పట్టింపులుండేవి. ఒకటి, కొండ మీద ఏదీ మిగలకూడదు. ప్లాస్టిక్ రిబ్బన్లు, పెయింటు, మైకులు ఏవీ ఉండవు. పాత నూలు చీరలు చింపి, ఆ పీలికలు పొదలకు కట్టేవాళ్లం. ఆఖరి రన్నర్ వెనకాలే ‘స్వీప్’ అనే మనిషి వాటిని విప్పుకుంటూ వచ్చేస్తాడు. రెండోది, కొండ అందరిదీ. చక్రాల కుర్చీల వాళ్లకు కింద చదును బాట. చూపు లేనివాళ్లు ‘గైడ్’తో పైకి పరుగెత్తవచ్చు. ఇద్దరి చేతులనూ కలుపుతూ ఒక పొట్టి తాడు ఉంటుంది, దాన్ని ‘టెథర్’ అంటాం.

ఆ ఏడు సూర్యంగారు వచ్చారు. ఢిల్లీ అశోకా రోడ్ దగ్గర ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటర్. ఊరు శ్రీకాకుళం వైపు. పుట్టుకతోనే చూపు లేదు. ఆయన గైడ్ ఎవరో కాదు, భార్య విజయగారే.

“పెళ్లయిన కాడినుంచీ ఈవిడే లాక్కెళ్తోందమ్మా. తాడు మాత్రం ఇప్పుడే కట్టింది,” అన్నారాయన.

“లాక్కెళ్లకపోతే కదుల్తారేటి ఈయన?” అందావిడ.

సన్నటి దారిలో వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే పక్కకు తప్పుకుని దారి ఇవ్వమని టెథర్ జంటలకు నేనే చెప్పి పంపాను.

పందెం సగంలో ఉండగా పొగమంచు దిగింది. పొద్దున తేటగా కనపడిన కొండ చూస్తుండగానే మాయమైంది. కిందికి వచ్చినవాళ్లు వచ్చినట్టు వేడి వేడి టీ పట్టుకుని నిలబడ్డారు. చివరికి మా స్వీప్ బల్బీర్ భయ్యా, రిటైరైన సైనికుడు, పీలికల సంచి భుజాన వేసుకుని దిగాడు.

“సబ్ ఆ గయే మేడమ్. పీఛే కోయీ నహీ.”

అందరూ వచ్చేశారట, వెనక ఎవరూ లేరట. “మరి సూర్యంగారేరి?” అని హిందీలో అడిగాను. ముందే వచ్చేసి ఉంటారన్నాడు.

రాలేదు. ఇద్దరూ రాలేదు. ఆ దారి పక్కనే పాత రాతి గనుల గోతులున్నాయి. తవ్వుకుని వదిలేసినవి, నిట్టనిలువు అంచులు, అడుగున నీళ్లు. కంచె లేదు. మా పీలికలే అక్కడ కంచె. అవన్నీ ఇప్పుడు బల్బీర్ సంచిలో ఉన్నాయి.

అతన్ని దులపడం తరవాత అనుకుని, “చలో భయ్యా” అని కొండెక్కడం మొదలుపెట్టాను. ఫోన్ చేద్దామంటే విజయగారు దాచమని ఇచ్చిన ఫోను కింద మా బల్ల మీదే ఉంది. ఆ దారికి గుర్తులు కట్టింది నేనే, అయినా ఒక్క పొదను పోల్చుకోలేకపోయాను. గనుల దగ్గరికి వచ్చాక గొంతు చించుకుని అరిచాను.

“విజయగారూ!”

“ఇక్కడున్నామమ్మా!”

ప్రాణం లేచొచ్చింది. “నా గొంతు వైపు రండి!” అని మళ్లీ అరిచాను.

అరిచాక గానీ తెలియలేదు. నా మాట గోతి అవతలి రాతిగోడకు తగిలి తిరిగొస్తోంది. అవతల ఇంకొక నేను నిలబడి “రండి, రండి” అని పిలుస్తున్నట్టుంది. వాళ్లకు ఏ గొంతు వినిపిస్తోందో, ఏ వైపు అడుగు వేస్తున్నారో! బల్బీర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని “చుప్, చుప్” అన్నాడు.

అప్పుడు రాయి దొర్లిన చప్పుడైంది. కాసేపు ఏమీ లేదు. తరవాత ఎక్కడో కింద నీళ్లలో బుడుంగుమంది.

దేవుడా, పిలిచి మరీ చంపానా అనుకున్నాను. అక్కడే కూలబడ్డాను. అరవడానికి భయం, అరవకుండా ఉండటానికీ భయం. విజయగారి గొంతు మళ్లీ వినపడలేదు.

“మేడమ్,” అన్నారు సూర్యంగారు, ఎంతో నెమ్మదిగా. “కంగారు పడకండి. ఆ రాయి నేనే ఇసిరాను, ముందర గొయ్యుందా నేదా అని. ఉంది. మేం కూకున్నాం. మీరు మాటాడకుండా నడిచి రండి, మీ అడుగులు ఇంటాను.”

నడిచాం. “ఎడం పక్కకి రండి... ఆగండి... ఇప్పుడు తిన్నగా,” అని ఆయన చెబుతూనే ఉన్నారు. చేరేసరికి విజయగారు ఆయన మోకాళ్లకు అతుక్కుని కూర్చున్నారు. టెథర్ ఆయన పిడికిట్లో బిగిసి ఉంది. ఆవిడ చాచిన కాళ్లకు కొంచెం అవతల నేల లేదు.

“మీరు పిలవగానే లేచి అటే పరుగెత్తబోయానమ్మా. ఈయనే తాడు లాగి కూలేశారు,” అని ఆవిడ బావురుమంది.

అసలు సంగతి సూర్యంగారు చెప్పారు. వెనక అడుగులు వినిపిస్తే, నేను చెప్పినట్టే పక్కకు తప్పుకుని నిలబడ్డారట. ఎవరో దాటి వెళ్లారు. మళ్లీ దారి మీదికి వస్తే ఒక్క పీలికా లేదు. ఆ వెళ్లినవాడు రన్నర్ కాదు, మా బల్బీర్. విప్పే పీలికల మీదే కళ్లు పెట్టుకుని, ఆ మంచులో వాళ్ల పక్కనుంచే దాటిపోయాడు. పాపం, మర్యాదగా స్వీప్‌కే దారి ఇచ్చారు వాళ్లు. ఈ మాట విని బల్బీర్ తల పట్టుకుని కూర్చున్నాడు.

కిందికి దిగేసరికి జనమంతా వెళ్లిపోయారు. “ఫినిష్ లైన్ ఏదమ్మా?” అని అడిగారు సూర్యంగారు. ముగ్గుపిండితో వేసిన గీత, దాన్నీ ఊడ్చేశాం. అంత శుభ్రం మాది! నేనూ బల్బీరూ ఆ టెథర్‌నే చెరో కొనా పట్టుకుని నిలబడ్డాం. భార్యాభర్తలు చేతులు పట్టుకుని వచ్చి దానికి తగిలారు. “అయింది కదా, పదండి ఇంటికి. మళ్లీ కొండ పేరెత్తండి, చెబుతాను,” అంది విజయగారు కళ్లు తుడుచుకుంటూ.

కొండ మీద ఏదీ మిగలకూడదని రూలు పెట్టిన మాకు, అక్కడ మిగలకూడని వాటిలో మొదటిది మనిషి అని ఆ పూట తెలిసింది. ఇప్పుడు ఆఖరి రన్నర్ నా ఎదురుగా కూర్చుని టీ తాగేదాకా ఒక్క పీలిక విప్పనివ్వను. రెండుసార్లు కొండెక్కాల్సి వస్తోందని బల్బీర్ ఏటా సణుగుతాడు. “చఢో భయ్యా,” అంటాను. ఎక్కుతాడు. అందరూ కిందే ఉన్నారని తెలిసినా, ప్రతి పొద దగ్గరా ఆగి “కోయీ హై?”, ఎవరైనా ఉన్నారా అని అడిగాకే పీలిక విప్పుతాడు.