పదేళ్లు పడుతుంది, మాస్టారూ

మా సైన్సు మాస్టారు పోయారు. పోయిన నెల బచేలీ నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, "గుండె ఆగిపోనాదమ్మా" అన్నారు. చచ్చిపోయిన గుండె కండను మళ్లీ మొలిపించాలని పదకొండేళ్లుగా ఒక ల్యాబులో తంటాలు పడుతున్నదాన్ని నేను. ఆ మాట వినగానే ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, నా మీదే.

శ్రీకాకుళం నుంచి బచేలీ ఇనుప గని టౌన్‌షిప్ బడికి వచ్చారాయన. పాఠం హిందీలో, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు సగం అక్కడి హల్బీ భాషలో, తిట్లు మాత్రం అచ్చ తెలుగులో. ఎర్రదుమ్ము పట్టిన కుర్చీని జేబురుమాలుతో తుడవనిదే కూర్చునేవారు కాదు. ఒకరోజు బజారు నుంచి మేక గుండె తెచ్చి బల్ల మీద పెట్టారు. ముట్టుకోమంటే ఎవరం కదల్లేదు. "ఏటే, కూరలో ఐతే లాగించేత్తారు గానీ!" అంటూ నా వేలు పట్టుకుని దాని మీద ఆనించారు. చేయి తెగితే మానుతుందనీ, ఈ కండ పోతే మాత్రం మచ్చే మిగులుతుందనీ ఆవేళ చెప్పారు. నన్ను ఈ చదువులోకి దింపింది ఆ మాటే.

మూడేళ్ల కిందట ఆయన గుండెలోనే అలాంటి మచ్చ పడింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోను. "నీ కణాలు కొట్టుకుంటన్నాయేటే?"

"కొట్టుకుంటున్నాయి మాస్టారూ, గాజు పళ్లెంలో."

"మరి మనిషి లోపల?"

అక్కడే వస్తుంది తంటా. మూలకణాల నుంచి పెంచిన కండను గుండెలో పెడితే దాని తాళం దానిదే, గుండె లయ తప్పుతుంది. పోనీ, ఉన్న కణాలనే విభజించమని జన్యువులను మేల్కొలిపితే, వేళకు నిద్రపుచ్చడం చేతకాక కణాలు ఆగకుండా పెరుగుతాయి.

"ఐతే ఎన్నాళ్లే?"

"పదేళ్లు పడుతుంది, మాస్టారూ."

ఉద్యోగంలో చేరిన కొత్తలోనూ ఇదే చెప్పాను. గుండె మళ్లీ మొలుస్తుందట అనే వార్తలు మీరూ చదివే ఉంటారు. ఆయన వాటిలో చివరి పేరానే ముందుగా చదివేవారు. "ఎలకలకి నయమైపోనాదట. ఎలకగా పుట్టినా బాగుణ్ను" అని నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

కిందటేడు ఏదో నగరంలో మూలకణాల సూదులు వేస్తున్నారని కరపత్రం ఒకటి ఆయన చేతికి వచ్చింది. "ఎల్లనా?" అని అడిగారు. పనిచేస్తుందని రుజువు లేదు, వద్దన్నాను. "నువ్వొద్దంటే ఒద్దే" అన్నారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. కాస్త వాదించినా బాగుండేది. తాను చదువు చెప్పిన పిల్ల మాట మీద ప్రాణం పెట్టుకున్న మనిషిని ఏమనుకోను?

పన్నెండో రోజుకు బచేలీ వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు మాస్టారి భార్య బస్టాండు దాకా వచ్చారు. నేను సీట్లో కూర్చున్నాక కిటికీ దగ్గరికొచ్చి అడిగారు.

"ఆ సూది ఏయించుంటే బతికుందురేటమ్మా?"

నిజం చెప్పాలంటే నాకు తెలీదు. అది పనిచేస్తుందని ఎవరూ చూపలేదు, నాకు తెలిసింది అంతవరకే.

"లేదండీ" అన్నాను.

"మల్లీ చెప్పమ్మా."

"లేదండీ."

బస్సు కదిలింది. ఆవిడ కిటికీ చువ్వ వదలకుండా నాలుగడుగులు పక్కనే నడిచారు.