ఓవిడ్ మావయ్య తప్పులు

ఓవిడ్ మావయ్య చివరిసారి భాషా తరగతికి వచ్చిన సాయంత్రం లేచి నిలబడి, "మా కుక్క మంచుచెప్పులు అల్లుతోంది" అని వెందాత్ భాషలో గట్టిగా ప్రకటించి కూర్చున్నాడు. తను అల్లుతుంటే కుక్క చూస్తోందని ఆయన భావం. మర్నాడు తెల్లారేసరికి నిద్రలోనే పోయాడు.

వెందాకే ఊళ్లో అంత ధైర్యంగా తప్పులు మాట్లాడేవాడు మరొకడు లేడు. తాతల నాడే నోళ్లలోంచి జారిపోయిన భాషను పాత నిఘంటువుల్లోంచి ఏరుకుని ఊరు మళ్లీ నేర్చుకుంటోంది. మావయ్య మాత్రం మొదటి తరగతి దాటలేదు. దుప్పిని అత్తగారన్నాడు. గుమ్మంలో ఉన్న తన కుక్క బిస్కూని రమ్మనబోయి పొమ్మన్నాడు. అది పోయింది.

"పొమ్మన్నావు మావయ్యా," అంది మేనకోడలు ఏలియాన్, ఫ్రెంచిలో.

"దానికి వెందాత్ రాదులేవే."

ఒక్క మాట దగ్గర మాత్రం తప్పేవాడు కాదు. యాత్రికులెవరైనా "మీరు హ్యూరాన్లా?" అంటే, "ఆ పేరు ఫ్రెంచివాళ్లు పెట్టింది. సరస్సుకీ ఉంది, హోటళ్లకీ ఉంది. నాలో చేపలూ లేవు, గదులూ లేవు. నేను వెందాత్‌ని" అనేవాడు.

ఏలియాన్‌ది వేరే రోగం. అన్నీ వచ్చు, నోరు తెరవదు. తప్పు పలికితే పోయినవాళ్లందరూ వింటారని భయం. మావయ్య పోవడానికి ముందు వేసవి విందులో, సగమితే అనే మొక్కజొన్న జావ వడ్డించే ముందు కృతజ్ఞతలు ఆమే చెప్పాలని పంతులమ్మ మార్సెలిన్ తేల్చేసింది. పేరు పిలిచారు. బల్ల మీది గిన్నెలు సర్దుతూ కూర్చుండిపోయింది. ఇక ఈ జన్మకు మాట్లాడలేననుకుంది.

ఈలోగా మావయ్య గరిటెతో లేచి, తన బూట్లకు కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టాడు.

"బూట్లు కాదు మావయ్యా, మొక్కజొన్న," అంది ఏలియాన్, వెందాత్‌లోనే.

"తర్వాత ఎవరు, మా అత్తగారా?"

"చిక్కుళ్లు. ఆ తర్వాత గుమ్మడి, నీళ్లు..." అంటూ చివరిదాకా చెప్పేసింది. చెప్పానని చప్పట్లు విన్నాకే తెలిసింది.

"నువ్వు అడ్డురాకపోతే ఇంకా బాగా చెప్పేవాణ్ణి," అని గొణుగుతూ ఆయన గిన్నె నిండా పోయించుకున్నాడు.

ఆయన పోయాక బిస్కూని ఏలియాన్ ఇంటికి తెచ్చుకుంది. ఫ్రెంచిలో పిలిస్తే చెవి కూడా ఆడించలేదు. మావయ్య దాన్ని పిలిచినట్టే వెందాత్‌లో "పో" అంది. అది మొహం వేలాడేసుకుని గుమ్మం దాటింది.

ఏలియాన్ కంగారుగా వెనకే వెళ్లి, తరగతిలో నేర్పినట్టు జాగ్రత్తగా, "రా" అంది.

వచ్చింది.

"కూర్చో."

కూర్చుంది.

ఎందుకో నవ్వొచ్చింది. మావయ్య దాటని ఆ మొదటి తరగతిలో ఎవరికీ నేర్పని మాట ఒకటి ప్రయత్నించింది: "చెయ్యివ్వు."

బిస్కూ ముందుకాలు ఎత్తి ఆమె అరచేతిలో పెట్టింది.