తెరకు అవతల పరీక్ష

చర్మానికీ కీళ్ళకూ వైద్యం చేసే ఇంటికి మొదటిసారి వెళ్ళేవారికి అక్కడ ఏం చేస్తారో తెలియదు. తెలియకపోవడం వల్ల కలిగే భయం ఒక్కొక్కప్పుడు జబ్బు కన్నా ఎక్కువ బాధ పెడుతుంది. కాలువల శాఖలో ఓవర్సీరుగా చేరిన కొత్తలో నేను మా అక్కను అలాంటి ఇంటికి తీసుకువెళ్ళాను. ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది గమనించడం నాకు చదువుతో అబ్బిన అలవాటు. అందువల్ల ఆ ఉదయం ఇప్పటికీ వరుస తప్పకుండా గుర్తుంది.

అక్క కుడి మోచేతి దగ్గర ఒక తెల్లమచ్చ వచ్చింది. చింతగింజంతగా మొదలై తమలపాకంత అయింది. ఊళ్ళు తిరిగే వైద్యుడొకడు ఆమె అత్తవారి అరుగు మీద కూర్చుని, గడప లోపల తల వంచుకుని కూర్చున్న అక్కను మచ్చ మీద స్పర్శ తెలుస్తోందా అని అడిగాడట. జవాబు రాలేదు. స్పర్శ పోయింది, ఇది పెద్దరోగమే అని చెప్పి వెళ్ళిపోయాడు. కుష్ఠు అనే మాట పలకడానికి జంకి మా వైపు అందరూ పెద్దరోగం అనేవారు. అక్కను పుట్టింటికి పంపేశారు. పిల్లలిద్దరినీ అక్కడే ఉంచుకున్నారు. మంచి వైద్యుడి చేత మరోసారి చూపిద్దామని మా నాన్నగారు ప్రాధేయపడితే, అక్క అత్తగారు ఒప్పుకున్నారు. తాను కూడా వచ్చి కళ్ళారా చూస్తానన్నారు. పెద్దరోగమేనని తేలితే మనవలను ఇక తల్లికి చూపించేది లేదని కూడా అన్నారు.

పెనుగొండ దాటాక కాలువ గట్టునే ఉంది ఆ వైద్యుడి ఇల్లు. ఆడవారిని శుక్రవారం, మగవారిని శనివారం చూస్తారు. ముందు రోజు నుంచి ఒంటికి పసుపు గాని, నూనె గాని రాయకూడదు. రాస్తే చర్మం అసలు రంగు తెలియదు. పరగడుపున వెళ్ళాలి. నూనె అంటినా ఫరవాలేదనుకునే పాత చీర ఒకటి వెంట తీసుకుపోవాలి. ఇవన్నీ మాకు ముందే కబురు చేశారు.

ఆడ రోగులను వైద్యుడుగారు ముట్టుకోరు, చూడరు. గది గుమ్మానికి దుప్పటి కట్టి ఆయన వసారాలో కూర్చుంటారు. లోపల చూడడం, ముట్టుకోవడం, మర్దన చేయడం అన్నీ వాళ్ళ అమ్మగారి పని. ఆ మామ్మగారికి చేతుల్లో మంచి నేర్పు ఉంది గాని చెవులు సరిగా వినపడవు. అక్క, అత్తగారు లోపలికి వెళ్ళారు. నేను వసారాలో వైద్యుడుగారి పక్కన కూర్చున్నాను.

మొదట ఆయన నిద్ర గురించి, ఆకలి గురించి, విరేచనం గురించి అడిగారు. అన్నిటికీ అత్తగారే జవాబు చెప్పారు. తరువాత కనుబొమలు పలచబడ్డాయా, చెవి తమ్మెలు దళసరెక్కాయా, వేళ్ళు వంకర పోతున్నాయా అని తల్లిని గట్టిగా అడిగారు.

"ఏం లేదురా. బొమలు నల్లగా, ఒత్తుగా ఉన్నాయి. నాకే లేవు అంత బొమలు" అన్నారు మామ్మగారు.

ఆ తరువాత ఈక పరీక్ష. రోగి కళ్ళు మూసుకోవాలి. మామ్మగారు కోడి ఈకతో మచ్చ మీద ఒకసారి, పక్కనున్న మంచి చర్మం మీద ఒకసారి తాకిస్తారు. తగిలినప్పుడల్లా రోగి చెప్పాలి.

"తెలుస్తోందా అమ్మా?" అని వైద్యుడుగారు తెర ఇవతలి నుంచి అడిగారు.

లోపలి నుంచి మాట లేదు.

"భయపడకు. తగిలితే తగిలిందని చెప్పు."

మళ్ళీ అదే మౌనం. అత్తగారి గొంతు వినిపించింది. "చూశారాండి? అప్పుడూ ఇంతే. ముట్టుకున్న సంగతే దానికి తెలీదు."

నాకు అప్పుడు ఒక విషయం తట్టింది. పెళ్ళికి ముందు మా ఇంట్లో అక్క గొంతు పెరటి అవతలి వాళ్ళకు కూడా వినిపించేది. కాపురానికి వెళ్ళాక, అత్తగారు ఉన్న చోట పరాయి మగవాడికి వినపడేలా అక్క మాట్లాడగా నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ ఇంటి కోడళ్ళెవరూ అలా మాట్లాడరు. ఇప్పుడు తెర ఇవతల పరాయి మనిషి ఉన్నాడు. పక్కనే అత్తగారు ఉన్నారు. ఒకవేళ అక్క గుసగుసగా చెప్పినా మామ్మగారికి వినపడదు.

కాలువ పనిలో మట్టాలు కొలిచేటప్పుడు కొలకర్ర పట్టుకునే మనిషి చాలా దూరంగా నిలబడతాడు. అరిచినా మాట అందదు. అందుకని చేతి సైగలతోనే పని జరుపుకుంటాం. నేను వైద్యుడుగారితో అన్నాను: "అయ్యా, మా అక్కను నోటితో చెప్పమనకండి. తగిలినప్పుడు ఎడమచేతి వేలు ఎత్తమనండి."

ఆయన నా వైపు చూశారు. తరువాత తెర వైపు తిరిగి, "అమ్మా, మీరు కోడలి ఎదురుగా కూర్చోండి. తగిలిస్తే వేలు ఎత్తిందో లేదో మీరే చూసి నాకు చెప్పండి. మా అమ్మ మధ్యమధ్య తగిలించకుండా ఊరికే గాలిలో ఆడిస్తుంది. అదీ చూడండి" అన్నారు.

నాకు దుప్పటి మీద ఆడే నీడలు తప్ప ఏమీ కనబడలేదు. అత్తగారి మాటలు మాత్రం వినబడ్డాయి.

"ఎత్తిందండి... ఎత్తిందండి... ఇప్పుడు ఎత్తలేదు. ఆ, మామ్మగారు ముట్టుకోలేదు లెండి... ఎత్తింది."

"ఏ చోట?"

"మచ్చ నడిమధ్యనండి."

ఈక తరువాత రెండు రాగి గిన్నెలు ఆనించారు, ఒకదానిలో వేడినీళ్ళు, ఒకదానిలో చన్నీళ్ళు. వేడి అయితే ఒక వేలు, చల్లన అయితే రెండు. అత్తగారు చెబుతూనే ఉన్నారు గాని రానురాను ఆమె గొంతు తగ్గిపోయింది. చివరికి వైద్యుడుగారు తెరకు చెవి ఒగ్గి వినవలసి వచ్చింది.

"పెద్దరోగం కాదు" అన్నారాయన. "ఇది బొల్లి. అంటుకోదు. పిల్లలను ఎత్తుకోవచ్చు, అన్నం వండవచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను. ఇక్కడితో ఆగవచ్చు, మరో చోట రావచ్చు."

లోపల మామ్మగారు నూనె గిన్నె ముందుకు జరిపిన చప్పుడు వినిపించింది.

తరువాత మర్దన. మందు ఏదైనా ముందు మర్దన చేయడం ఆ ఇంటి పద్ధతి. గోరువెచ్చని నువ్వులనూనె వేసి భుజం నుంచి వేళ్ళ దాకా కిందికి లాగుతారు. మోచేయి దగ్గరకు వచ్చేసరికి అక్క "అబ్బా" అంది. అది మాత్రం వసారా దాకా వినబడింది.

"ఇక్కడ గట్టిగా ముడి కట్టింది" అన్నారు మామ్మగారు. "ఏమ్మా, నీ కోడలి చేత ఊరందరి వడ్లూ దంపిస్తున్నావా ఏంటి?"

"మా ఇంట్లో దంపకపోతే బియ్యం ఆకాశం నుంచి రాలతాయాండి?" అన్నారు అత్తగారు.

"ఏంటీ?"

"ఏం లేదండి."

మోచేతికి వావిలాకు వేడిచేసి కాపడం పెట్టారు. పెసరపిండితో జిడ్డు తీసి, బావంచాల గింజలు నూరి మచ్చ మీద మాత్రమే పట్టించి, పెరట్లో లేత ఎండలో కూర్చోబెట్టారు. చర్మం చురుక్కుమంటే వెంటనే కడిగేసుకోవాలి, బొబ్బ ఎక్కనివ్వకూడదు. వంకాయ, గోంగూర, ఎండుచేప మానాలి. మోచేయి నొప్పి తగ్గేదాకా రోకలి పట్టకూడదు. ఈ చివరి మాట వైద్యుడుగారు రెండుసార్లు చెప్పారు, తెర వైపు తిరిగి.

తిరుగుదారిలో పడవ మీద వచ్చి, కాలువ నీళ్ళను ఆపి వదిలే లాకుల దగ్గర దిగాం. అక్కడి నుంచి రాజమహేంద్రవరం వైపు వెళ్ళేది మా పడవ. నరసాపురం వైపు వెళ్ళేది అత్తగారి పడవ. రెండూ గట్టుకు కట్టి ఉన్నాయి. పడవ నడిపే సరంగులు, గట్టు మీద పడవ తాడు లాగేవాళ్ళు, మూటలతో జనం అక్కడంతా నిలబడి ఉన్నారు. అక్క అలవాటుగా నా వెనుక మా పడవ వైపు నడిచింది.

"ఎక్కడికే?" అన్నారు అత్తగారు.

అక్క ఆగింది.

"చిన్నది రాత్రుళ్ళు నీ చీర చుట్టుకుని పడుకుంటోంది. ఇంటికొస్తావా?"

అక్క వంచిన తల చిన్నగా ఊపింది. నరసాపురం పడవ సరంగు తాడు విప్పుతూ, "ఎక్కితే ఎక్కండమ్మా, లాకు తలుపులు తీస్తున్నారు" అని కేక వేశాడు. అత్తగారు అతని వైపు చూడలేదు.

"తల ఊపితే నాకు తెలీదు" అన్నారు. "నోటితో చెప్పు. ఎవరు వింటే ఏం?"

అక్క పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి సరంగుకు కూడా వినిపించింది.

"వస్తానండి."

అత్తగారు ముందు ఎక్కి, అక్కను ఎక్కించడానికి చెయ్యి చాపారు. అక్క ఎడమచెయ్యి ఇవ్వబోయింది. అత్తగారు అది వదిలేసి కుడిచేతిని, మోచెయ్యి నొప్పెట్టకుండా మణికట్టు దగ్గర పట్టుకున్నారు. మచ్చ మీద బావంచాల పూత చెమటకు మళ్ళీ తడిసింది. అది అత్తగారి చీర అంచుకు అంటుకుంది.