థర్టీ ఫైవ్ ట్రెంబత్

అమెరికాలో రాగి గనులున్న మా బ్యూట్ ఊళ్లో బిడ్డకు పేరు పెట్టాలంటే పాస్టరుగారు రావాలి. తూటాకు పేరు పెట్టడానికి ఎవరూ రానక్కర్లేదు. ఫలితం తెలిసిందే. రివాల్వర్లలో వాడే థర్టీ ఎయిట్ తూటా ఉందే, పేరు ప్రకారం దాని గుండు వెడల్పు అంగుళంలో నూటికి ముప్పై ఎనిమిది వంతులుండాలి; కొలిస్తే ముప్పై ఆరైనా ఉండదు. ఆ అంకె మందు నింపే పాతకాలపు ఇత్తడి తొడుగు వెడల్పుది. తర్వాత గుండు సన్నబడింది, పేరు సన్నబడలేదు. దీని మీద ఎవరూ కోర్టుకెక్కలేదు.

అంకె సంగతి అలా ఉంచితే, పాత తొడుగును సాగదీసో నొక్కో కొత్త తూటా తయారుచేసినవాడి పేరు ఆ అంకె పక్కన చేరడం మా ఆచారం. తుపాకులు బాగుచేసే లైల్ ట్రెంబత్, రాగి గనిలో పనిచేసే ఆర్వో నీమి కలిసి ఫార్టీ ఫోర్ తొడుగు మెడ నొక్కి, అందులో థర్టీ ఎయిట్ గుండు కూర్చాలని ఒక శీతాకాలమంతా కూర్చున్నారు. నొక్కిన మెడ ప్రతిసారీ చిట్లేది. మెడను ఎర్రగా కాల్చి నీళ్లలో పడేస్తే మెత్తబడుతుందని కనిపెట్టినవాడు ఆర్వో. లైల్‌ది దుకాణం, లేతు మిషను.

ఆర్వో గని దుమ్ముతో ఊపిరి పాడై ఆసుపత్రిలో ఉండగా తుపాకుల పత్రికవాడొకడు దుకాణానికి వచ్చి తూటా పేరేమిటని అడిగాడు. లైల్ "థర్టీ ఫైవ్ ట్రెంబత్" అన్నాడు. తూటాకు రెండు పేర్లూ పెడితే చెక్కడానికి రివాల్వర్ గొట్టం మీద చోటు చాలదని ఇంట్లో భార్యకు చెప్పుకున్నాడు. ఆవిడ అడగలేదు.

ఆ తర్వాత కొనేవాళ్లు తన పేరు పలికినప్పుడల్లా లైల్‌కు చెవులు మండేవి. ఆర్వో ఇంటికి వచ్చాక, గొట్టం మీద 'థర్టీ ఫైవ్ నీమి' అని చెక్కిన రివాల్వర్ ఒకటీ, మాంసం కూరి కాల్చిన వేడి పాస్టీలూ పట్టుకుని వెళ్లాడు. పత్రికకు రాసి పేరు మార్పిస్తానన్నాడు.

ఆర్వో ముందు పాస్టీ తిన్నాడు.

"గుండు కొలత ఎంత?"

"ముప్పై అయిదూ ముప్పావు. కాస్త తక్కువ."

"అయితే అంకే నిజం కాదన్నమాట. పక్కన నీ పేరే ఉండనీవోయ్. రెండూ బాగా కలిశాయి."

తిట్టి ఉంటే లైల్ ఆ రాత్రి నిద్రపోయేవాడు.

అప్పటినుంచి ప్రతి శనివారం, దుకాణం కిటకిటలాడే వేళ చూసుకుని, దగ్గుతూ వచ్చేవాడు ఆర్వో. "ఏమోయ్ లైల్, ట్రెంబత్ ఒక పెట్టె." లైల్ తల ఎత్తకుండా పెట్టెకు దారం కట్టి ఇచ్చేవాడు. మేమంతా వాళ్ల స్నేహాన్ని మెచ్చుకునేవాళ్లం.

ఆర్వో పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ శనివారం లైల్ ఒక పెట్టెకు దారం కట్టి బల్ల మీద పెడతాడు. ఎవరైనా కొంటామంటే అమ్మడు. సాయంత్రం తనే దారం విప్పి లోపల పెట్టేస్తాడు.